చంకలో ఒకరు, వేలు పట్టుకుని ఒకరు

పిల్లలు పుట్టకముందు ఎక్కడికైనా బయల్దేరితే మొట్టమొదటి ప్రశ్న "ఎక్కడికి?" అనే. పిల్లలు పుట్టాక ఆ ప్రశ్న వరసలో బాగా వెనక్కి పోతుంది. పాప పొద్దున ఎన్నింటికి లేచింది, మళ్ళీ ఎన్నింటికి పడుకుంటుంది, పాలు తాగించి తీసుకెళ్దామా, సీసాలో పోసి పట్టుకెళ్దామా, అక్కడ బాత్రూములు ఉంటాయా, ఉంటే వాటిలో నీళ్ళొస్తాయా... ఇవన్నీ తేలి, అందరూ చెప్పులు వేసుకునే సమయానికి ఎవరో ఒకరికి గుర్తొస్తుంది, "ఇంతకీ మనం ఎక్కడికి వెళ్తున్నాం?" అని. మా ఇంట్లో అయితే ఇంతే. మీ ఇంట్లో ఇంతకన్నా పద్ధతిగా జరుగుతుంటే మీకో దణ్ణం, మీరు ఈ పేజీ తిప్పేయొచ్చు. మిగతావాళ్ళు కాస్త ఇలా కూర్చోండి. టీ పెట్టాను, తాగుతూ మాట్లాడుకుందాం.

మాది సికింద్రాబాద్ వైపు. ఇంట్లో అయిదుగురం. నేను, మావారు, అత్తయ్యగారు, ఒకటో తరగతి చదువుతున్న పెద్దాడు, మూడేళ్ళ చిన్నది. మావారికి ఆఫీసులో ప్లాన్లు వేసీ వేసీ ఆదివారం కూడా చెయ్యి ఊరుకోదు. శనివారం రాత్రే ఫోన్లో ఒక పట్టీ తయారవుతుంది. తొమ్మిదికి జూ పార్కు, ఒంటిగంటకి సాలార్‌జంగ్ మ్యూజియం, మూడింటికి చార్మినార్, అయిదున్నరకి లుంబినీ పార్కు. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, ఫోను తిరిగిచ్చేస్తూ, "దీన్ని షికారనరు నాయనా, ఎన్నికల ప్రచారం అంటారు" అన్నారు. ఆ మాటతో మూడు కొట్టేసి ఒకటి మిగిల్చాం. అప్పట్నుంచీ మా ఇంట్లో అదే చట్టం. ఒక పూటకి ఒక్క చోటు. ఆ చోట కూడా ఒకటో రెండో చూస్తే చాలు.

ఇక మూట కట్టడం దగ్గరికొద్దాం, ఎందుకంటే సగం షికారు అక్కడే ఉంది. చిన్నదానికి రెండు జతల బట్టలు, డైపర్లు, వెట్ వైప్స్. పెద్దాడికీ ఒక జత. "వాడికెందుకు, పెద్దాడయ్యాడుగా?" అంటారు మావారు. నీళ్ళ కుళాయి కనబడిన చోట పెద్దాడు మళ్ళీ చిన్నాడైపోతాడన్న సంగతి ఆయనకి ఇంకా ఒంటబట్టలేదు. నీళ్ళ సీసాలు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, అరటిపళ్ళు, మరమరాలు. ఒక స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకో దాంట్లో దద్దోజనం. అన్నిటికన్నా పైన, మడతపెట్టిన అత్తయ్యగారి పాత నేతచీర.

ఈ చీర గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒకప్పుడు దాని రంగు ఏమిటో ఇప్పుడు ఆవిడకే తెలియదు. ఉతికీ ఉతికీ దూదిలా అయింది. చెట్టు కింద పరిస్తే నలుగురం కూర్చోవచ్చు. ఎండగా ఉంటే ఇద్దరు పిల్లల తలల మీదా కప్పొచ్చు. చిన్నది చంటిపిల్లగా ఉన్నప్పుడు పాలివ్వాలంటే నాకు అదే తెర. పెద్దాడు ఎక్కడో తడిసి వస్తే తువ్వాలు. ఏసీ బస్సెక్కితే దుప్పటి. చిన్నది నడవనని మొరాయిస్తే మావారి భుజానికి అడ్డంగా జోలె కడతారు, అది అందులో కాళ్ళు వేలాడేసి నిద్రపోతుంది. దానికి పోటీగా మావారు ఆమధ్య ఒక స్ట్రోలర్ కొన్నారు. మడతపెడితే ఇంతే అవుతుందనీ, ఒక్క చేత్తో తిప్పొచ్చనీ కొట్టువాడు చూపించాడట. కొట్లో నేల నున్నగా ఉంటుంది మరి. మన ఫుట్‌పాత్‌ల మీద దాన్ని తోసేకంటే, దాన్నీ పిల్లనీ కలిపి ఎత్తుకుపోవడం తేలిక. ప్రస్తుతం అది బాల్కనీలో ఉల్లిపాయలకి ఉపయోగపడుతోంది.

తిండి సంగతీ చెప్పేస్తాను, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. పులిహోరకి చింతపండూ నూనే కాపలా, మధ్యాహ్నం దాకా రుచి మారదు. పిల్లాడు గుప్పిట్లో పట్టుకుని తిన్నా కారిపోదు. దద్దోజనానికి మాత్రం కిటుకు తెలిసుండాలి. పొద్దున్నే పెరుగు కలిపి పట్టుకెళ్తే ఎండకి పులిసి కూర్చుంటుంది. అన్నం మెత్తగా చిదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచాడు పెరుగు తోడు వేసి మూత పెట్టాలి. దారిలో అదే తోడుకుంటుంది. మనం డబ్బా తెరిచే వేళకి కమ్మగా, చల్లగా ఉంటుంది. రైలు ప్రయాణాల కాలం నుంచీ మన అమ్మమ్మలు చేస్తున్న పనే ఇది. ఇప్పుడు ఎవరికైనా చెబితే ఫోన్లో రాసుకుంటున్నారు.

సరే, బస్సెక్కుదాం. సికింద్రాబాద్ నుంచి జూ పార్కుకి 7జడ్ ఉంది. కారులో వెళ్ళొచ్చు గదా అంటారేమో. కారులో వెనకసీట్లో కూచున్న పిల్లలకి కనబడేది ముందు సీటు వీపు. బస్సులో కిటికీ ఉంది, కండక్టరున్నారు, ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు ఉన్నారు, నిలబడి జడ వేసుకునే అమ్మాయి ఉంది, కోడిని సంచీలో పెట్టుకున్న తాత ఉన్నాడు. చిన్నపిల్లలకి ఇంతకన్నా ప్రదర్శన ఏం కావాలి? పైగా టికెట్ వ్యవహారం ఒకటుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం కదా. నాకూ అత్తయ్యగారికీ జీరో టికెట్లు. చిన్నదానికి అయిదేళ్ళ లోపు గనక అసలు టికెట్టే లేదు. పెద్దాడికి అర టికెట్. పూర్తి డబ్బులిచ్చి ప్రయాణం చేసే ఏకైక ప్రాణి మావారు. ఆ గౌరవం ఆయన మొహంలో తెలుస్తూ ఉంటుంది.

అత్తయ్యగారిది పాత అలవాటు. కండక్టరు దగ్గరికి రాగానే, ఎవరూ అడక్కుండానే, "వాడికింకా అయిదు నిండలేదు బాబూ" అనేశారు. పెద్దాడు సీటు మీద నిలబడి, బస్సు మొత్తానికి వినిపించేలా, "నానమ్మా, నాకు ఆరు! కేక్ కూడా కోశాంగా!" అన్నాడు. బస్సంతా నవ్వు. కండక్టరు అర టికెట్ ఇస్తూ, "పోరడే నయం, నిజం చెప్పిండు" అన్నాడు. అత్తయ్యగారు కిటికీలోంచి చాలా శ్రద్ధగా బయటికి చూశారు. ఈలోగా చిన్నది అందరికీ కాగితాలు ఇచ్చి తనకి ఇవ్వలేదని పెదవి విరిచింది. అత్తయ్యగారు తన జీరో టికెట్ దాని చేతిలో పెట్టారు. జూ దాకా దాన్ని వదల్లేదు. దిగాక కూడా వదల్లేదు. విశాఖలో మా ఆడపడుచు ఉంది, అక్కడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్ళకి ఇదే ఉచిత ప్రయాణం వచ్చింది గదా, తనూ ఇద్దరు పిల్లల్నీ బస్సెక్కించి బీచికి తీసుకుపోతోందిట. పిల్లలకి బీచి కన్నా బస్సే బావుందని ఫోన్లో చెప్పి నవ్వింది.

జూ పార్కు 1963లో తెరిచారు. 380 ఎకరాలు. ఆ అంకె చూసి మావారిలాంటి వాళ్ళకి ఉత్సాహం వస్తుంది, ఒక్కరోజులో చుట్టేయాలని. మూడేళ్ళ కాళ్ళకి అందులో పదోవంతు కూడా ఎక్కువే. గేటు దాటగానే తోటమాలి పైపుతో మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. పిల్లలిద్దరూ అక్కడే ఆగిపోయారు. పైపుకి ఒకచోట చిన్న చిల్లు పడి, అందులోంచి నీళ్ళు సన్నగా పైకి చిమ్ముతున్నాయి. దాన్ని వేలితో మూసి తియ్యడం, మళ్ళీ మూయడం. ఎంతసేపంటే, ఆ తోటమాలే జాలిపడి, "లోపల పులులున్నాయి బాబూ" అని గుర్తు చేశాడు.

చివరికి ఏనుగు దగ్గరికి చేరాం. ఏనుగు ఆ రోజు మంచి హుషారులో ఉంది. తొండంతో దుమ్ము తీసి వీపు మీద చల్లుకుంటోంది. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. మావారు చిన్నదాన్ని భుజాల మీద ఎక్కించుకుని, "అదిగో ఏనుగు, ఏనుగు చూడవే!" అంటున్నారు. అది మాత్రం మెడ వెనక్కి తిప్పేసి, నేల మీద పడ్డ మరమరం గింజని రెండు చేతులతో పట్టుకుని కొరుకుతున్న ఉడతని చూస్తోంది. ఆయన ఇటు తిరిగితే అది మెడ అటు తిప్పుతుంది. ఆయనకి ఉక్రోషం వచ్చింది. టికెట్ కొని, ఇంత దూరం తెచ్చి, మన ఇంటి గోడ మీద తిరిగే ఉడత కోసమా?

అత్తయ్యగారు చీర పరుచుకుని కూర్చుని, "ఏనుగుని అది పుస్తకంలో రోజూ చూస్తోంది. తినే ఉడతని ఇంత దగ్గర్నుంచి ఇప్పుడే చూస్తోంది. వదిలెయ్యరా" అన్నారు.

నాకు ఆ మాట చాలా నచ్చింది. ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది మన చేతిలో ఉంటుంది. అక్కడ ఏం చూడాలన్నది వాళ్ళ చేతిలో ఉంటుంది. ఈ రెండో దాన్ని కూడా మన చేతుల్లోకి తీసుకోవాలని చూసినప్పుడే గొడవంతా. నేను చూసినంతలో, జూలో గట్టిగా వినిపించే అరుపులు సింహాలవి కావు, "ఇటు చూడు, ఇటు చూడు" అనే తల్లిదండ్రులవి.

ఆ రోజు పెద్దాడికి మాత్రం నచ్చింది రాత్రి జంతువుల ఇల్లు. రాత్రిపూట తిరిగే ప్రాణుల కోసం జూలో ఒక చీకటి భవనం ఉంది. పగలు లోపల మసక వెలుతురు ఉంచి, రాత్రి దీపాలు వేస్తారు. దాంతో వాటి పగలూ రాత్రీ తారుమారవుతాయి, మనం పట్టపగలు వెళ్ళినా అవి మెలకువగా ఉంటాయి. వాడు అద్దానికి ముక్కు ఆనించి, గుసగుసగా, "అమ్మా, బయట ఎండగా ఉందని వీటికి ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదన్నాను. "చెప్పకూడదా?" అన్నాడు. చెప్పకూడదన్నాను. బయటికి వచ్చేదాకా ఇంకో మాట మాట్లాడలేదు, అంత పెద్ద రహస్యం మొయ్యడం తేలిక కాదు గదా. పుట్టిన కొత్తలో మా చిన్నది కూడా సరిగ్గా ఇలాంటి లెక్కే పాటించింది. మేం దీపాలు వేసినా తీసినా మా మాట వినలేదు.

తర్వాత బొమ్మ రైలెక్కి ఒక చుట్టు తిరిగాం. చెట్టు కింద పులిహోర తిన్నాం. పెద్దాడు కారణం లేకుండా నవ్వుతూ గుండ్రంగా పరుగెత్తడం మొదలుపెట్టాడు. అది చూడగానే అత్తయ్యగారు చీర దులిపి మడతపెట్టారు. ఈ విషయం మీరూ గమనించే ఉంటారు. చిన్నపిల్లలకి అలసట మొదట ఏడుపుగా రాదు, అల్లరిగా వస్తుంది. నవ్వు ఎక్కువవుతుంది, పరుగు ఎక్కువవుతుంది, అడ్డమొచ్చిన ప్రతిదానికీ తగులుకుంటారు. ఆ దశలో "ఆహా, ఎంత సంతోషంగా ఉన్నాడో, ఇంకో గంట ఉందాం" అనుకుంటే, తర్వాతి గంట ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. "ఇంకా సగం కూడా చూడలేదు! సఫారీ ఉంది!" అన్నారు మావారు. "ఉండనీ. జూ ఎక్కడికీ పోదు" అన్నారు ఆవిడ. అందరం చేతులు కడుక్కుని బయల్దేరాం.

సాలార్‌జంగ్ మ్యూజియం ఇంకో ఆదివారం. మూసీ ఒడ్డున అంత పెద్ద భవనం, ప్రపంచం నలుమూలల నుంచీ సేకరించిన వస్తువులు. అంతా చూడాలంటే పెద్దవాళ్ళకే నడుములు పట్టేస్తాయి. అందుకని మేం వెళ్ళింది గడియారం కోసం మాత్రమే. మీరు చూసే ఉంటారు, ఆ సంగీత గడియారాన్ని. గంట కాబోతుండగా బల్లల మీద జనం సర్దుకుని కూర్చుంటారు, వెనకవాళ్ళు మునివేళ్ళ మీద లేస్తారు. చిన్న తలుపులోంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, మళ్ళీ లోపలికి పోతుంది. ఇంకో మూల కమ్మరి బొమ్మ ఒకటి క్షణానికొక దెబ్బ వేస్తూనే ఉంటుంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు గనక అప్పుడే చూడాలని అందరూ ఎగబడతారు. పసిపిల్లలున్నవాళ్ళు పదకొండింటికి వెళ్ళండి. ఒక దెబ్బ తగ్గుతుంది, కానీ తోపులాట సగమవుతుంది. పైగా పన్నెండింటికి ఆకలి కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది.

గడ్డం బొమ్మ తన పని చేసుకుని లోపలికి పోగానే, జనం లేచి వెళ్ళిపోతున్నారు. చిన్నది మాత్రం కదలదు. "నానమ్మా, తాతేడీ?" "లోపలికి వెళ్ళాడమ్మా." "ఎందుకు?" "అన్నం తినడానికి." అది సంతృప్తిగా తలూపింది. పెద్దాడికి ఇంకో సందేహం. "ఆయనకి సెలవు ఉండదా?" మ్యూజియానికి సెలవున్నా గడియారానికి ఉండదన్నాను. వాడు వాళ్ళ నాన్న వైపు ఒకసారి జాలిగా చూశాడు.

పోయే దారిలో ముసుగు రెబెక్కా కనబడింది. బెంజోని అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. రాతిలోనే పల్చటి మేలిముసుగు, ఆ ముసుగులోంచి మొహం కనబడుతుంది. పెద్దవాళ్ళం దాని ముందు నిలబడితే, రాతిని ఇంత పల్చగా ఎలా చెక్కాడా అనే ఆలోచిస్తాం. చిన్నది చాలాసేపు చూసి, "ఈ చీర ఎలా ఉతుక్కుంటుంది?" అని అడిగింది. అది రాయమ్మా, ఉతకరు అన్నాను. "మురికైపోదూ?" అంది. అక్కడున్న కాపలా ఆయన కూడా దానికి జవాబు చెప్పలేకపోయాడు. బొమ్మ సైనికులున్న గదిలో పెద్దాడు కాసేపు కమాండరయ్యాడు. అంతటితో సరి. మిగతా గదులు వాళ్ళు పెద్దయ్యాక వాళ్ళే చూసుకుంటారు.

మా ఇంట్లో అన్నిటికన్నా చవక షికారు ఇంకోటుంది. ఎంఎంటీఎస్ రైలు. 2003లో మొదలైనప్పుడు నేను కాలేజీకి అందులోనే వెళ్ళేదాన్ని, అప్పుడు అది నాకు రైలే. ఇప్పుడు పిల్లలతో ఎక్కితే అది మొత్తం కార్యక్రమం. "అక్కడికి వెళ్ళి ఏం చూస్తాం?" అన్నారు మావారు మొదటిసారి. "రైలు" అన్నాడు పెద్దాడు. నిజంగానే అంతకు మించి ఏమీ లేదు. సికింద్రాబాద్‌లో ఎక్కి, కిటికీ దగ్గర కూచుని, ఎదురొచ్చే రైళ్ళు లెక్కపెట్టి, నెక్లెస్ రోడ్డులో దిగి, హుస్సేన్ సాగర్ గట్టున గాలి పీల్చి, ఒక పీచుమిఠాయి అందరం పంచుకుని వెనక్కి రావడం. రైలు ఎప్పుడొస్తుందో మాత్రం ముందే చూసుకోండి, ఒకటి తప్పితే తర్వాతది చాలాసేపటికి గానీ రాదు. ఆ మధ్య సమయంలో ప్లాట్‌ఫారం మీద ఇద్దరు పిల్లల్ని పసుపు గీత ఇవతల పట్టి ఉంచడం పెద్ద పరీక్ష.

గట్టున నిలబడితే నీళ్ళ మధ్య బుద్ధుడు కనిపిస్తాడు. పెద్దాడు అడిగాడు, "ఆయన అక్కడికెలా వెళ్ళాడు? ఈతొచ్చా?" ఇలాంటి వాటికి ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తుంటాం గానీ, ఈ ఒక్క విషయంలో కల్పించాల్సిన పనే లేదు. అసలు సంగతి కథలాగే ఉంటుంది. ఒకే పెద్ద బండరాయిని భువనగిరి దగ్గర రాయిగిరిలో కొన్నాళ్ళపాటు చెక్కారు. దాన్ని బోలెడు చక్రాలున్న బండి మీద ఊళ్ళోకి తెచ్చారు. 1990 మార్చిలో తెప్ప మీద సాగరం మధ్యకి తీసుకెళ్తుంటే తెప్ప ఒరిగి విగ్రహం నీళ్ళలో పడిపోయింది. అప్పుడు కొందరి ప్రాణాలు కూడా పోయాయి, ఆ మాట నేను వాడికింకా చెప్పలేదు, కొన్నేళ్ళాగి చెబుతాను. రెండేళ్ళకు పైగా బుద్ధుడు నీళ్ళ అడుగునే ఉండిపోయాడు. 1992 డిసెంబరులో పైకి తీసి అక్కడ నిలబెట్టారు. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. "అన్ని రోజులు ఊపిరి బిగబట్టాడా?" అన్నాడు. "ఆయన అదే కదరా చేసేది, ధ్యానం" అన్నారు అత్తయ్యగారు. ఆ రాత్రి స్నానం చేసేటప్పుడు బకెట్లో మొహం పెట్టి ధ్యానం చేయబోతే మావారు పరుగెత్తి పట్టుకున్నారు.

మాల్‌లోని ఆటల గదుల గురించి ఒక ముక్క చెప్పి వదిలేస్తాను. మే నెల మధ్యాహ్నం ఏసీ చల్లదనానికి నేనూ శత్రువుని కాను. కానీ అక్కడ గంటకింత అని బోర్డు ఉంటుంది. పిల్లాడు ఆడుతుంటే మన కళ్ళు గడియారం మీద ఉంటాయి. వాడు ఒక మూల కూర్చుని రంగు బంతిని ఊరికే తిప్పి చూసుకుంటుంటే, "డబ్బు కట్టాం, ఎక్కి దూకరా!" అని మనమే తరుముతాం. తోటమాలి పైపు దగ్గర ఎవరూ మమ్మల్ని తరమలేదు. పాతకాలం సర్కారు వాళ్ళు కట్టిపెట్టిన జూ, మ్యూజియం, పార్కు, సిటీ బస్సు... వీటికి మించినవి చిన్నపిల్లల కోసం ఆ తర్వాత ఎవరూ కట్టలేదని నా అభిప్రాయం. మీకు వేరే అభిప్రాయం ఉంటే ఉత్తరం రాయండి, మాట్లాడుకుందాం.

అలాగని ఆ పాత చోట్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని అనడం లేదు. బాత్రూముల మాటెత్తితే నా టీ చల్లారిపోతుంది. ఒక పార్కులో ఆడవాళ్ళ వైపు తాళం వేసి ఉంది. తాళంచెవి కావలివాడి దగ్గరుందిట, కావలివాడు టీకి వెళ్ళాడట. మూడేళ్ళ పిల్ల "అమ్మా, వచ్చేస్తోంది" అన్నాక మన చేతిలో ఉండే సమయం ఎంతో తల్లులకి తెలుసు, పార్కులు కట్టేవాళ్ళకి తెలియదు. ఇంకో సమస్య నేనూ ఈమధ్యే గమనించాను. మావారు ఒక్కరే చిన్నదాన్ని తీసుకుని బయటికెళ్ళారనుకోండి, ఆయన దాన్ని ఏ గదిలోకి తీసుకెళ్ళాలి? మగవాళ్ళ వైపు తీసుకెళ్ళలేరు, ఆడవాళ్ళ వైపు ఆయన వెళ్ళలేరు. గుమ్మం బయట నిలబడి, లోపలికి పోయే ఎవరో తెలియని ఆవిడని, "అక్కా, కాస్త మా పాపని..." అని బతిమాలుకోవాలి. మన ఆడవాళ్ళు కాదనరు, అది వేరే సంగతి. కానీ తండ్రులు పిల్లల్ని చూసుకోవడం లేదని సాధించే మనం, వాళ్ళు చూసుకోవడానికి ఒక గది కూడా కట్టలేదు. ఒక చిన్న గది, పసిపిల్లని పడుకోబెట్టి బట్టలు మార్చడానికి ఒక బల్ల, తలుపుకి గడియ, కుళాయిలో నీళ్ళు. టికెట్ మీద ఇంకో రెండు రూపాయలు వేసుకోమనండి, ఎవరు కాదంటారు? వార్డులో ఎవరైనా ఓటడగడానికి వస్తే ఈసారి నేను అడగబోయేది ఇదే. మీరూ అడగండి.

సాయంత్రం ఇంటికొచ్చాక మావారి భుజం మీద నిద్రపోయిన చిన్నదాన్ని అలాగే పడుకోబెట్టి, అత్తయ్యగారు గుప్పెడు ఉప్పూ రెండు మిరపకాయలూ తెచ్చి ఇద్దరికీ దిష్టి తీస్తారు. బస్సులో అంతమంది నవ్వారు గదా మరి. మిరపకాయలు ఘాటు రాకపోతే అంతా దిష్టే అంటారు, ఘాటొస్తే మిరపకాయలు మంచివంటారు. ఏదైనా ఆవిడే గెలుస్తారు.

జూకి వెళ్ళొచ్చిన వారం బళ్ళో పెద్దాడికి ఆదివారం ఎక్కడికెళ్ళారో రాసుకు రమ్మన్నారు. పులి గురించి రాస్తాడా, నల్లటి చీకటి ఇంటి గురించి రాస్తాడా అని నేనూ మావారూ వెనక నిలబడి చూస్తున్నాం. వాడు నాలుక బయటపెట్టి, పెన్సిల్ గట్టిగా నొక్కి, ఇలా రాశాడు: "మేము జూకి వెళ్ళాము. అక్కడ పెద్ద పైపు ఉంది. పైపుకు చిల్లు ఉంది. బస్సులో నేను టికెట్ కొన్నాను. నానమ్మ కొనలేదు." చీకటి ఇంటి ఊసే లేదు. రహస్యం కదా. టీచరుగారు కింద మూడు నక్షత్రాలు వేసి, "ఏ జంతువును చూశావు?" అని ఎర్ర సిరాతో రాసి పంపారు. వాడు దాని కింద "ఉడత" అని రాసి, "అది చెల్లి చూసింది" అని కలిపాడు.

మీరూ ఈ వారం బయల్దేరతారేమో, రెండు మాటలు చెప్పి లేస్తాను, పొయ్యి మీద పప్పు ఉంది. జూకి సోమవారం సెలవు, సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. స్టీలు డబ్బాలే పట్టుకెళ్ళండి. పులిహోరలో ఎండుమిరపకాయలూ పచ్చిమిరపకాయలూ ముందే ఏరేయండి, పల్లీలు మాత్రం ఉంచండి. పిల్లలు మొదట తినేది వాటినే.